అవతలి తట్ట

సోమవారం గానుగ తిప్పరు. ఎడ్లు పోయి ఇంజను వచ్చి ఎన్నేళ్ళయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. బసవన్నకిచ్చిన సెలవు ఇప్పుడు ఇంజను అనుభవిస్తోంది. పెనం కింద బూడిద చల్లారి, చెరకు పిప్పి గుట్టల మీద మంచు ఇంకా ఆరకముందే సాకమ్మ పాకలోకి వచ్చి తక్కెడ ముందు నిలబడింది. పొద్దున లేచి గుక్కెడు నీళ్ళు కూడా ముట్టలేదు. చేతి గాజులు, చెవుల కమ్మలు, కొంగున కట్టుకున్న తాళంచెవి, రొండిన దోపుకున్న వక్కాకు సంచి, అన్నీ తీసి గోడ పక్కన పెట్టింది. నిన్న సాయంత్రం కూర్చుని గోళ్ళు కూడా తీసుకుంది.

"గోళ్ళెంత బరువుంటాయక్కా? మాదేశ్వరుడి కొండకి పోయి గుండు కూడా కొట్టించుకుని రావాల్సింది" అంది నింగమ్మ. పొయ్యిలోకి పిప్పి తోసే మనిషి. నోట్లోనూ ఎప్పుడూ నిప్పే.

"నీ నాలిక కోసి అవతలి తట్టలో వేస్తే చాలు. నాకు గుండెందుకు?"

బెల్లం బస్తాలు తూచే తక్కెడ అది. పాక కప్పు నుంచి దాని దూలం అడ్డంగా వేలాడుతుంటుంది. రెండు పక్కలా గొలుసులకి కట్టిన చెక్క తట్టలు. ఒక్కోదాని మీద ఒక మనిషి చక్కగా చతికిలబడొచ్చు. ఇవతలి తట్టలో సాకమ్మ, అవతలి తట్టలో ఆమె మొగుడు జవరయ్య. ఆయన పక్కన కిలో బెల్లం అచ్చులు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోతే ఎప్పటికో దూలం సమానంగా నిలబడుతుంది. మొగుడూ, మొగుడితోపాటు బోలెడంత బెల్లమూ కలిస్తేగానీ ఒక సాకమ్మ కాదని ఊళ్ళో పిల్లలు కూడా చెప్పుకుని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనేవాడు జవరయ్య.

బొడ్డు దగ్గర పేగు జారి, దగ్గినప్పుడల్లా కోడిగుడ్డంత బయటికి పొడుచుకొస్తోంది సాకమ్మకి. ఇంత ఒంటి మీద కత్తి పెడితే కుట్టు నిలవదు, మత్తిస్తే లేస్తావో లేవో కూడా చెప్పలేను, తగ్గి రా అంది డాక్టరమ్మ. ఎంత తగ్గాలో విన్నాక సాకమ్మ బస్టాండు గట్టు మీదే కూలబడి ఏడ్చింది. ఆ రోజు జవరయ్య ఒకే మాట అన్నాడు. "కొండని చూడకే సాకీ. అచ్చుని చూడు. ఒక్క అచ్చు. అది దిగాక ఇంకోటి చూద్దాం." అప్పటి నుంచి సోమవారం సోమవారం ఇదే పని. దిగిన అచ్చు పాక వెనక కట్టేసిన గౌరి అనే ఆవుకి. సాకమ్మ చిక్కినకొద్దీ గౌరి బలిసింది.

"ఎక్కండి మరి" అంది నింగమ్మ.

జవరయ్య కంబళి కప్పుకునే ఎక్కి కూర్చున్నాడు. చలి ఇంకా విడవలేదు, పైగా ఈ మధ్య ఆయనకి చలి ఎక్కువైంది. సాకమ్మ గొలుసు పట్టుకుని ఆయాసపడుతూ ఎక్కింది. నింగమ్మ పోయిన వారం లెక్కకి అచ్చులు పేర్చింది. దూలం ఇటూ అటూ ఊగి, ఊగి, నిలబడింది.

సమానం. పోయిన సోమవారం ఎలా ఉందో అలాగే. ఆ ముందు సోమవారం ఎలా ఉందో అలాగే.

"ఒకటి తీసి చూడు" అంది సాకమ్మ.

నింగమ్మ ఒక అచ్చు తీసింది. సాకమ్మ తట్ట మెల్లగా కిందికి జారి నేలని తాకింది. ఆ చప్పుడు పెద్దదేం కాదు, చెక్క మట్టిని తాకిన చప్పుడు. సాకమ్మకి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

"ఇంకా పదమూడు దించాలి. మూడు వారాలుగా పదమూడే!" అంది. "పొద్దున అర రాగిముద్ద, రాత్రి అర ముద్ద. నీళ్ళలాంటి ఉలవ చారు. చుట్టూ బెల్లం ఉడుకుతుంటే ముక్కు మూసుకుని తిరుగుతున్నా. చెరువు గట్టు దాకా పోయి వస్తున్నా. ఇది బతుకేనా? ఒసే, నువ్వు సరిగ్గా పేర్చావా?"

"నేనేం చేశానక్కా, నువ్వే లెక్కపెట్టుకో."

సాకమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వే ఏదో చేస్తున్నావు. ఊపిరి బిగబట్టి పైకి తేలిపోతున్నావు. గొలుసు పట్టుకుని లాక్కుంటున్నావేమో కూడా."

జవరయ్య రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. కంబళిలోంచి ముంజేతులు బయటికొచ్చాయి, చెరకు గడల్లా. "నేనెక్కడికి తేలతానే? రా, దిగుదాం. ఒకటి, రెండు, ఊఁ."

ఇద్దరూ ఒక్కసారే దిగాలి. ఒకరు ముందు దిగితే రెండోవాళ్ళ తట్ట దబ్బున కిందపడుతుంది. మొదటి సోమవారం నుంచీ అది వాళ్ళిద్దరి ఒప్పందం. గౌరికి ఆ రోజు కూడా పిప్పే దక్కింది.

మంగళవారం గానుగ మొదలైంది. చెరకు పాలు పెనంలోకి దిగి, బెండకొమ్మలు దంచి కలిపిన జిగురు నీళ్ళు పోశాక మడ్డి పైకి తేలి నురగ కట్టింది. జవరయ్య పెనం అంచున నిలబడి పొడుగు జల్లెడ గరిటెతో మడ్డి తీస్తున్నాడు. ఆ పెనం పక్కన ఇరవయ్యేళ్ళుగా అదే చోట నిలబడుతున్నాడు. ఆయన కాళ్ళ కింద మట్టి కూడా గుంటలు పడింది. ఆవిరిలో మనిషి కనబడీ కనబడకుండా ఉంటాడు. "పెనం మనిషిని ఎండబెట్టేస్తుంది, చూడు మా బావ ఎలా వడిలిపోయాడో" అని నింగమ్మ అంటే అందరూ నిజమే అనుకున్నారు. నిప్పు పక్కన నిలబడేవాడు లావెక్కుతాడా?

మధ్యాహ్నం పిప్పి గుట్ట నీడలో అన్నాలకి కూర్చున్నారు. సాకమ్మ తన ముద్ద సగానికి తుంచి ఆకుకూర చారులో వేసుకుంది. జవరయ్యా అంతే, సగమే పెట్టించుకున్నాడు.

"నీకేం వచ్చిందయ్యా? గానుగలో పనిచేసేవాడివి, రెండు ముద్దలు తినేవాడివి."

"నువ్వు సగం తింటుంటే నా గొంతులో రెండెలా దిగుతాయే. తోడుగా ఉంటా."

సాకమ్మకి ఆ మాట వింటే ఎప్పుడూ కడుపు నిండేది. ఈ రోజు నిండలేదు. తలెత్తి చూస్తే మొగుడు ముద్దని గోలీలంత చిన్న ఉండలుగా చేసి నోట్లో వేసుకుని నములుతున్నాడు. రాగి ముద్ద నమిలేది కాదు. చారులో ముంచి గుటుక్కున మింగేది. ఆ ఊళ్ళో పాలుతాగే పిల్ల కూడా ఆ పని చేయదు.

"చూడవే నింగీ, మీ బావ బెంగుళూరు అల్లుడిలా ముద్ద నములుతున్నాడు!"

"పళ్ళు ఉన్నాయని చూపిస్తున్నాడక్కా" అంది నింగమ్మ. అందరూ నవ్వారు. జవరయ్య కూడా నవ్వి, చారు ఒక గుక్క తాగి, ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. మిగిలిన ముద్ద అరటాకులో చుట్టి "తర్వాత తింటా" అని చూరులో దోపాడు.

తర్వాత ఆయన తినలేదు. మర్నాడు సాయంత్రం పొయ్యి చల్లారుతున్న వేళ, చూరులోంచి ఆ పొట్లం తీసింది సాకమ్మే. నిన్నటి ముద్ద గట్టిపడి రాయిలా ఉంది. పెనం అడుగున గోకిన వేడి బెల్లపు చెక్క ఒకటి దానిమీద పెట్టుకుని, పాక వెనక గౌరి పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా గబగబా తినేసింది. తింటున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారాయి. తగ్గనిదానికి ఈ కడుపు మాడ్చుకోవడం దేనికి? పేగు జారితే జారనీ, అలాగే చస్తే పోయె! తినేశాక గౌరి ఆమె చెయ్యి నాకింది. సాకమ్మకి సిగ్గేసింది. ఆవు మాత్రం చూసింది కదా.

గురువారం సంత. సాకమ్మ సంత వంక పెట్టుకుని బస్సెక్కి ఆసుపత్రికి పోయింది. ఇక నావల్ల కాదు, కోస్తే ఇలాగే కొయ్యండి లేకపోతే వదిలేయండి అని డాక్టరమ్మకి చెప్పేసి రావాలని. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పక్కన ఇంకొకామె కూడా కూర్చుంది. ఆ సీటులో తనతో పాటు ఇంకొకరు పట్టి చాలా ఏళ్ళయిందని సాకమ్మకి తట్టనేలేదు.

నర్సు ఆమెని బరువు మిషను మీద నిలబెట్టి, ముల్లు చూసి, పాత చీటీ చూసి, మళ్ళీ ముల్లు చూసింది. "ఒకసారి దిగి మళ్ళీ ఎక్కమ్మా" అంది. ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

"భలే పని చేశావు సాకమ్మా!" అంది డాక్టరమ్మ. "ఇంక ఆరు కిలోలే. ఆరు తగ్గి రా, వెంటనే చేసేస్తా."

"ఆరు కాదమ్మా. పదమూడు."

"పదమూడెవరు చెప్పారు?"

"మా గానుగ తక్కెడ."

మొగుడిని అవతల కూర్చోబెట్టి తూచుకుంటానని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. చదువుకున్న మనిషి, నవ్వుతుందేమో అనిపించింది. డాక్టరమ్మ మాత్రం "పాత తక్కెడ కదా, పట్టేసి ఉంటుంది" అని ఊరుకుంది. "ఆపరేషను రోజు మీ ఆయన్ని తీసుకురా, సంతకం కావాలి."

సాకమ్మ సంతలో ఏమీ కొనకుండా వచ్చేసింది. దారంతా ఒకటే ఆలోచన. ఆ తక్కెడ మీద ఊరంతా బెల్లం తూచుకుంటుంది. మొన్ననేగా తూనికల అధికారి వచ్చి ముద్ర వేసి పోయాడు! షావుకార్లు కూడా దానికి వంక పెట్టలేదు. మరి మిషను తప్పు చెప్పిందా? ఇంటికి పోకుండా సరాసరి గానుగ పాకకే వచ్చింది.

జవరయ్య పాకం చూస్తున్నాడు. ఆ వేళ ఆయన్ని ఎవరూ పలకరించరు. గరిటె అంచు నుంచి ఒక బొట్టు నీళ్ళ గిన్నెలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, గిన్నె అంచుకేసి కొట్టి చెవి పెట్టి వింటాడు. టక్కుమంటే పెనం దించమని చెయ్యి ఊపుతాడు. సాకమ్మ ఆగలేకపోయింది.

"ఏమయ్యా, ఆసుపత్రి మిషను ఆరంటోంది. ఇక్కడ పదమూడంటోంది. ఏది అబద్ధం?"

"ఎంతా?"

"ఆరు. ఇంకా ఆరే దించాలంట. మన తక్కెడ ఏడు ఎక్కువ చెబుతోంది. ఏడచ్చులు ఎక్కడికి పోయాయయ్యా?"

జవరయ్య చెయ్యి నీళ్ళ గిన్నెలో అలాగే ఉండిపోయింది. పెళ్ళాం మొహంలోకి చూశాడు. తర్వాత వంగి తన పొట్ట వైపు, పంచె బిగించి రెండు చుట్లు ఎక్కువ తిప్పి కట్టిన నడుం వైపు చూసుకున్నాడు. ఆ చూపు ఆమెకి కనబడింది కానీ అర్థం కాలేదు. వెనక పెనంలో బుడగల చప్పుడు మారింది. బంగారు రంగు ఎర్రబడి, ఎరుపు నల్లబడుతోంది.

"జవరయ్యా! పాకం!" అంటూ గానుగ యజమాని బోరేగౌడ పరుగెత్తుకొచ్చాడు. "దించండ్రా, దించండి! నీ చేతిలో పాకం ముదరడమేమిటయ్యా? ఇరవయ్యేళ్ళలో ఎప్పుడైనా జరిగిందా?"

నల్లబెల్లం అయింది ఆ వంట. జవరయ్య గరిటె కడిగి గోడకి ఆనించాడు. కాసేపటికి పెళ్ళాం దగ్గరికి వచ్చి, "తక్కెడకి తుప్పు పట్టిందిలే సాకీ. నూనె వేస్తా. సోమవారం చూడు" అన్నాడు.

"తుప్పు నీ మీద కూడా పట్టింది. పాకం మాడ్చేశావు" అంది సాకమ్మ. అంది కానీ లోపల ఏదో చల్లగా ఉంది. తగ్గింది తను! కడుపు మాడ్చుకున్నది దండగ కాలేదు. ఆ రాత్రి అర ముద్దలో కూడా పావు మిగిల్చింది.

ఆదివారం సాయంత్రం ఆయన నిజంగానే నిచ్చెన వేసుకుని దూలం తిరిగే మొలకి ఆముదం పోశాడు. నిచ్చెన దిగుతూ మధ్యలో రెండుసార్లు ఆగాడు. సాకమ్మ కింద నిలబడి నిచ్చెన పట్టుకుని "మొగుడా, ముసలాడివైపోతున్నావు" అని వెక్కిరించింది. "నువ్వు పడుచుదానివైపోతున్నావుగా, ఎవరో ఒకరు ముసలాళ్ళవ్వాలి" అన్నాడు ఆయన. ఆ మాటకి ఆమె మొహం వెలిగిపోయింది. చీకట్లో కూడా.

సోమవారం తెల్లారింది. బోరేగౌడ పాకంతా గాలిస్తూ తిట్టుకుంటున్నాడు. "అయిదు కిలోల తూకపు రాయి ఏదర్రా? రెండు కిలోలది కూడా లేదు. షావుకారు రేపొస్తాడు, ఇనుపరాళ్ళు ఎవరెత్తుకుపోతారు? కూరలో వేసుకుంటారా?"

"నన్ను చూస్తావేం గౌడా, నా పొయ్యిలో వేయలేదు" అంది నింగమ్మ.

జవరయ్య అప్పటికే తట్టలో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ పెళ్ళాం వచ్చాకే ఎక్కేవాడు, ఈ రోజు ముందే ఎక్కాడు. కంబళి మెడ దాకా లాక్కుని, మోకాళ్ళు దగ్గరగా ముడుచుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. సాకమ్మ గాజులు తియ్యబోతే వాటంతటవే జారి నేలమీద పడ్డాయి. ఎక్కి కళ్ళు మూసుకుంది.

నింగమ్మ పాత లెక్కకి అచ్చులు పేర్చేసరికి జవరయ్య తట్ట దబ్బున నేలకి దిగింది. సాకమ్మ కాళ్ళు గాలిలోకి లేచాయి.

"ఓయమ్మో, అక్క ఎగిరింది!"

"తియ్యవే, తియ్యి!"

నింగమ్మ ఒకటి తీసింది. కదల్లేదు. రెండోది. మూడోది. ఇంజను తుడిచేవాళ్ళు, చెరకు బండివాళ్ళు అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. నాలుగు. అయిదు. బోరేగౌడ రాళ్ళ సంగతి మరిచిపోయి తనూ లెక్కపెట్టసాగాడు. ఆరు. ఏడోది తీశాక దూలం ఊగి, ఊగి, గాలి లేనప్పుడు చెరువులో నీళ్ళలా నిలబడింది. ఇంక దించాల్సింది ఆరు. ఆసుపత్రి మిషను చెప్పిన ఆరే. రెండూ ఒకటే మాట చెప్పాయి.

నింగమ్మ ఆగలేక ఒక అచ్చు పట్టుకుపోయి గౌరి నోటికిచ్చేసింది. ఆవు కరకరా నమిలే చప్పుడు పాకంతా వినబడింది.

"చూశావా సాకీ" అన్నాడు జవరయ్య. ఆయన గొంతు సన్నగా ఉంది, కానీ కళ్ళు పాకం కుదిరినప్పుడు మెరిసినట్టు మెరుస్తున్నాయి. "అచ్చుని చూడమన్నానా. ఆరే. ఉగాది లోపల కుట్టించుకుని వచ్చేస్తావు."

సాకమ్మకి ఒప్పందం గుర్తులేదు. ఒకటి, రెండు అని ఎవరూ అనలేదు. మొగుడి దగ్గరికి పోవాలని మాత్రమే అనిపించింది. చిన్నపిల్లలా తట్టలోంచి గభాలున దూకేసింది.

అవతలి తట్ట నేలకి కొట్టుకుంది. జవరయ్య పక్కకి ఒరిగి బెల్లపు అచ్చుల మీద పడ్డాడు. కంబళి జారింది. నడుంకి బిగించిన తువ్వాలు ముడి ఊడి, దానిలోంచి ఇనుపరాయి ఒకటి దొర్లుకుంటూ పోయి బోరేగౌడ కాళ్ళ దగ్గర ఆగింది. రెండోది, చిన్నది, తట్టలోనే తిరిగి తిరిగి పడుకుంది.

బోరేగౌడ రాయి చేతిలోకి తీసుకుని, దాని మీద అయిదు అనే అంకె చూసి, నింగమ్మ వైపు చూశాడు.

"ఏం బావా, అక్కని మోసం చేశావా?" అంది నింగమ్మ. నవ్వుదామనే అంది. నవ్వు సగంలో ఆగిపోయింది. కంబళి లేకుండా జవరయ్యని ఆవిరి అడ్డం లేని వెలుతురులో చూడటం అందరికీ అదే మొదటిసారి. మెడ కింద గుంటలు. పక్కటెముకలు ఒక్కొక్కటీ వేరుగా.

సాకమ్మ నిలబడినచోటే నిలబడిపోయింది. ముందు కోపం వచ్చింది. నా కష్టమంతా దొంగలెక్క చేశావా అని అరవబోయింది. అప్పుడు ఆసుపత్రి ముల్లు గుర్తొచ్చింది. అది అబద్ధం చెప్పదు. ఆరే అంది. మరి ఈ రాళ్ళు లేకుండా ఇక్కడ పదమూడు ఎందుకైంది? తక్కెడ కూడా అబద్ధం చెప్పదు. అయితే తగ్గింది తనొక్కతే కాదు. మూడు వారాలు కదలని దూలం కళ్ళ ముందు నిలిచింది. తను ఒక అచ్చు దిగినప్పుడల్లా అవతల కూడా ఒక అచ్చు దిగుతూ వచ్చింది. నములుతున్న ముద్ద. ఛాతీ మీద ఆనించిన చెయ్యి. చూరులో దోపిన పొట్లం. అదే తను తిన్నది.

"అది దొంగ తూకం కాదే" అన్నాడు జవరయ్య. లేవడానికి ప్రయత్నించి, లేవలేక, అచ్చుల మధ్యే కూర్చున్నాడు. "నా ఒంట్లోంచి పోయిందే నేను తెచ్చి కట్టుకున్నా. అంతకంటే ఒక్క పలుకు ఎక్కువ కట్టలేదు. నీ లెక్క నీకు సరిగ్గా రావాలని."

"ఎప్పటి నుంచి?"

"దీపావళి అయ్యాక ముద్ద అడ్డం పడటం మొదలైంది. నేనూ ఇంత పోయిందనుకోలేదు. మొన్న నువ్వు ఏడచ్చులు ఎక్కడికి పోయాయన్నావు చూడు, అప్పుడు తెలిసింది."

"డాక్టరుకి చూపించావా?"

ఆయన గొంతు మీద చెయ్యి వేసుకుని, "మా అన్నకీ ఇలాగే మొదలైంది" అన్నాడు. "గంజి దాకా వచ్చి, తర్వాత నీళ్ళు. ఆ తర్వాత అవీ దిగలేదు."

"ఎందుకు చెప్పలేదయ్యా? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చెబితే నీ సంగతి ఒదిలేసి నా చుట్టూ తిరుగుతావు. మళ్ళీ నువ్వు తినడం మొదలుపెడతావు, నాకు తెలుసు నీ సంగతి. ముందు నీది కుట్టించేసుకుంటే, తర్వాత నా పని చెయ్యడానికైనా నీకు ఒంట్లో బలం ఉంటుందని." అని, తప్పు చేసిన పిల్లాడిలా, "ఆరే మిగిలాయి సాకీ. అది మాత్రం నిజం" అన్నాడు.

నింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బోరేగౌడ రాయి నేలమీద పెట్టి "బండి కట్టండి, ఇప్పుడే పోదాం ఆసుపత్రికి" అని ఎవరినో కేకేశాడు.

"ఉండండి" అంది సాకమ్మ.

పోయి తన తట్ట గొలుసు పట్టుకుంది. "లేవకు. అక్కడే ఉండు. నింగీ, ఆ రెండోరాయి తీసెయ్యి."

నింగమ్మ తీశాక ఎక్కి కూర్చుంది. సాకమ్మ తట్ట నేల మీదకి దిగింది, ఆ మెత్తటి చప్పుడే. అవతల జవరయ్య మెల్లగా పైకి లేచాడు. ఎన్ని సోమవారాలు దేవుడికి దండం పెట్టింది తన తట్ట పైకి లేవాలని! లేవాల్సింది అటు కాదు.

"తీసినవన్నీ మళ్ళీ పెట్టు" అంది.

నింగమ్మ పెట్టింది. ఒక్కొక్కటీ ఆయన మోకాళ్ళ పక్కన. ఆరు పెట్టాక చేతులు ఖాళీ అయ్యాయి. ఏడోది గౌరి కడుపులో ఉంది. పాక వెనక ఆవు ఇంకా మూతి నాక్కుంటోంది. దూలం సమానం కాలేదు. ఒక్క అచ్చు తేడాతో జవరయ్య ఆమె కంటే పైన, కాళ్ళు నేలకి అందకుండా, గాలిలో ఉండిపోయాడు.

"ఇంకోటి తెస్తా ఉండక్కా" అని నింగమ్మ అటకవైపు కదిలింది.

"వద్దు."

సాకమ్మ కూర్చున్నచోటు నుంచే ముందుకి వంగి చెయ్యి చాచింది. పొట్ట దగ్గర పేగు పొడిచింది, పట్టించుకోలేదు. అవతలి తట్ట గొలుసు దొరకబుచ్చుకుని కిందికి లాగింది. దూలం నిలబడింది. ఇద్దరి మోకాళ్ళూ ఒక ఎత్తుకి వచ్చాయి.

"అందరినీ కాసేపు అవతలికి పొమ్మనండి గౌడా" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, మూడు నెలలుగా ఆయన తనతో మాట్లాడిన గొంతుతోనే మొదలుపెట్టింది. "కొండని చూడకు. విన్నావా? ఇప్పుడు డాక్టరమ్మ దగ్గరికి పోతాం. దారిలో గంజి ఒక్క గుక్క తాగుతావు. ఒక్క గుక్కే. అది దిగాక ఇంకోటి చూద్దాం."

జవరయ్య తల ఊపాడు. ఆ గుక్క కూడా ఇక ఎన్నాళ్ళో దిగదని ఇద్దరికీ తెలుసు.

"దిగుదామా మరి?" అన్నాడు. "ఒకటి, రెండు..."

సాకమ్మ గొలుసు వదల్లేదు. బయట బండి కట్టిన చప్పుడైంది. వేళ్ళు తెల్లబడేదాకా బిగించి, ఆయన్ని కిందికే పట్టుకుని కూర్చుంది.